కీళ్ళవాతం ఉన్నవారు ఫోనును ఎలా వాడుకోవాలి? ఒడిశా సరిహద్దు తెలుగువారి కోసం

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా దక్షిణపు అంచున తెలుగు మాట వినబడే ఈ ఊళ్ళలో రుమటాయిడ్ కీళ్ళవాతం (శరీరపు రక్షణశక్తి సొంత కీళ్ళ మీదే తిరగబడే జబ్బు) వచ్చినవారు నిపుణుడిని చూడాలంటే సాధారణంగా విశాఖపట్నం రైలెక్కుతారు, లేదా భువనేశ్వర్ వెళ్తారు. రెండు మూడు నెలలకోసారి పడే ఆ ప్రయాణం చివర డాక్టరు గదిలో దొరికేది కొద్ది నిమిషాలు. "ఎలా ఉంది?" అని ఆయన అడిగితే మనం ఆ పూట సంగతే చెబుతాం. కాస్త తేలికగా ఉంటే "పరవాలేదు" అంటాం. రైలులో కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తే "ఏమీ బాగాలేదు" అంటాం. నడుమ గడిచిన నెలల్లో ఎన్ని రోజులు చీపురు పట్టుకోలేకపోయామో, ఏ మందు మార్చాక తేలిక పడిందో ఆ గదిలో గుర్తుకు రావు. ఈ జబ్బు ఎగుస్తూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఎగుడుదిగుళ్ళను చూసే డాక్టరు మందు పెంచాలో తగ్గించాలో తేల్చుకుంటారు. ఫోను మనకు చేసే అసలు మేలు అక్కడే: డాక్టరు నిర్ణయానికి పనికొచ్చే కొద్ది సంగతులను తప్పుల్లేకుండా దాచి, అడిగినప్పుడు చూపించడం.

యాప్ జబ్బును నిర్ధారించదు. మందు మోతాదు మార్చే అధికారం దానికి లేదు, దాన్ని చూసి మార్చే అధికారం మనకూ లేదు. ఈ హద్దు గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక. నేను కూడా ఈ జబ్బుతో బతుకుతున్నదాన్నే. ఇక్కడ రాస్తున్నది రుమటాయిడ్ కీళ్ళవాతం గురించే అయినా, అదే తీరు జబ్బులైన లూపస్, సోరియాసిస్ కీళ్ళవాతం వంటివి ఉన్నవారికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మొదటి పని: వారం మాత్రకు అలారం

ఏ యాప్ దించుకోవడానికైనా ముందు ఇది చేయండి. కీళ్ళవాతంలో ఎక్కువమందికి రాసే ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునేవి కావడంతో దీన్ని కూడా పొరపాటున రోజూ మింగినవారు ఉన్నారు, ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. ఎముకల్లోని మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడుతుంది. నొప్పి ఎక్కువగా ఉందని మధ్యలో ఇంకొకటి వేసుకోవడం కూడా ఇలాంటి ప్రమాదమే. ఇది నొప్పి మాత్ర కాదు. వేసుకున్న గంటలో దీనివల్ల నొప్పి తగ్గదు, పనిచేయడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది.

డాక్టరుతో మాట్లాడి వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. సోమవారమో శనివారమో ఉపవాసం ఉండే అలవాటుంటే ఆ రోజు వద్దు. కొందరికి మాత్ర వేసుకున్న మర్నాడు వికారం, నీరసం ఉంటాయి కాబట్టి మర్నాడు బడికో పొలానికో తప్పనిసరిగా వెళ్ళాల్సిన రోజు కూడా వద్దు. తరువాత ఫోనులోని గడియారం తెరిచి, కొత్త అలారం పెట్టి, వారాల వరుసలో ఆ ఒక్క రోజునే నొక్కండి. అలారం పేరు చోట "వారం మాత్ర, బుధవారం మాత్రమే" అని రాయండి. మెథోట్రెక్సేట్ దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజున వేసుకోమని రాసి ఉంటే దానికి వేరే శబ్దంతో వేరే అలారం పెట్టండి. మందులు గుర్తుచేసే యాప్ వాడేవారు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని యాప్‌లలో కొత్త మందు చేర్చగానే "రోజూ" అన్న ఎంపిక తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. దాన్ని "వారానికోసారి" అని మార్చి, భద్రపరిచిన తరువాత మళ్ళీ తెరిచి చూడండి. ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించుకోండి.

మాత్ర బలం విషయం కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాములంటూ రకరకాల బలాల్లో దొరుకుతుంది. విశాఖలో కొన్నది ఒక బలం, రాయగడ దుకాణంలో దొరికింది ఇంకో బలం కావచ్చు. అట్ట మీద అంకె కనబడేలా ఫొటో తీసి, కొత్తది కొన్న ప్రతిసారీ పాత ఫొటోతో పోల్చండి. అంకె తేడాగా ఉంటే ఎన్ని మాత్రలు వేసుకోవాలో దుకాణదారుడి చేత చీటీ చూపించి లెక్క కట్టించుకోండి. ఒక వారం మరిచిపోతే ఏం చేయాలో ముందుగానే డాక్టరును అడిగి ఆ జవాబును ఫోనులో రాసుకోండి. మరిచిపోయిన రోజున కంగారులో రెండు వారాలవీ కలిపి వేసుకోవడం ఎప్పుడూ కూడదు.

రెండో పని: యాప్ ఎంచుకోవడం

మెడిసేఫ్, మైథెరపీ అనే యాప్‌లు మందుల వేళలు గుర్తుచేయడానికి, నొప్పి రాసుకోవడానికి చాలామంది వాడేవి. అవి నచ్చితే వాడండి. నా మటుకు నాకు, మనలాంటివారికి ఫోనులో ముందే ఉండే అలారం, క్యాలెండర్, నోట్స్ సరిపోతాయనే నమ్మకం. కొత్త యాప్ తీసుకుంటే మాత్రం ఈ ప్రశ్నలు వేసుకోండి. సిగ్నల్ లేకున్నా పనిచేస్తుందా? మోహన, ఆర్. ఉదయగిరి వంటి కొండ ప్రాంతాల్లో ఉండేవారికి ఇది అన్నింటికన్నా ముందు చూడాల్సింది. పొద్దున్నే మంచం మీద ఉండగా ఇంటర్నెట్ కోసం ఎదురుచూసే యాప్ వారం తిరిగేలోగా మూలన పడుతుంది. రాసినదంతా ఒక పత్రంగా బయటికి తీయగలమా? తీయలేకపోతే డాక్టరుకు చూపించడం కష్టం. వేళ్ళు వాచిన రోజున నొక్కగలిగేంత పెద్ద బొత్తాలు ఉన్నాయా?

వేళ్ళతో టైపు చేయడం కష్టమైతే చేయవద్దు. కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. ఫోను అమరికల్లోకి వెళ్ళి అక్షరాల పరిమాణం పెంచుకోండి. ఒడిశాలో చదువుకున్న మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు లిపి చదవలేరు. మీకు మందులు అందించేది వాళ్ళే అయితే మందుల పట్టిక ఒడియా లిపిలోనే ఉండనివ్వండి. నొప్పుల సంగతి మీకు ఏది సులువైతే దానిలో రాసుకోండి.

జబ్బును ఇన్ని రోజుల్లో మూలం నుంచి తీసేస్తామనే యాప్‌లు, ఫలానా చూర్ణం కొనమని మధ్యమధ్యలో చెప్పే యాప్‌లు కనబడగానే తీసేయండి. కీళ్ళవాతానికి అమ్మే కొన్ని పొడుల్లో పేరు చెప్పకుండా స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే సంతోషించడం కాదు, అనుమానించాలి.

మూడో పని: పొద్దున్నే రాసుకోవాల్సినవి

రాయాల్సింది కొంచెమే. పొద్దుటి బిగుతు ఎంతసేపు ఉంది, నొప్పికి సున్నా నుంచి పదిలో ఎంత వేస్తారు, ఏ కీళ్ళు వాచాయి, ఆ రోజు చేయలేకపోయిన పని ఏమిటి.

వీటిలో బిగుతు లెక్క చాలా విలువైనది. లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి, కదిలిస్తూ ఉంటే మెల్లగా సడలడం ఈ జబ్బు స్వభావం. అరిగిన మోకాళ్ళ నొప్పిలో సాధారణంగా అరగంట లోపే సడలుతుంది. కీళ్ళవాతం ఎగసినప్పుడు గంట, రెండు గంటలు కూడా పట్టవచ్చు. దీన్ని ఊహతో కాకుండా కొలవండి. మెలకువ వచ్చిన వేళ చూడండి. తరువాత ప్రతిరోజూ చేసే ఒకే పనిని గుర్తుగా పెట్టుకోండి: తడి గుడ్డ పిండటం, చొక్కా గుండీ పెట్టుకోవడం, ముగ్గు వేయడం. ఆ పని ఎప్పటిలా చేయగలిగిన వేళకూ లేచిన వేళకూ ఉన్న తేడా ఎన్ని నిమిషాలో రాయండి. "చాలాసేపు" అన్న మాట డాక్టరుకు ఉపయోగపడదు. "పోయిన నెల ఇరవై నిమిషాలు, ఈ నెల గంటంబావు" అన్నది ఉపయోగపడుతుంది.

వాచిన కీళ్ళ లెక్కకు ఒక పద్ధతి ఉంది. డాక్టర్లు 28 కీళ్ళు చూస్తారు. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, అరచేతికి వేళ్ళు కలిసే చోట పది కణుపులు, వేళ్ళ నడిమి కణుపులు పది, రెండు మోకాళ్ళు. బొటనవేలికి నడిమిది అంటే దానికున్న ఒక్క కణుపే. ఒక కాగితం మీద రెండు చేతుల బొమ్మ గీసి ఫొటో తీసుకోండి. వాపు ఉన్న రోజున ఆ ఫొటో మీదే వేలితో గుర్తు పెట్టవచ్చు. నొప్పి, వాపు ఒకటి కావు. నొక్కితే నొప్పిగా ఉన్నవి ఎన్ని, ఉబ్బి మెత్తగా ఉన్నవి ఎన్ని అని విడిగా లెక్కపెట్టండి. ఈ రెండు అంకెలకు, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ రక్తపరీక్ష ఫలితాన్ని, మీ ఆరోగ్యానికి మీరే వేసుకున్న మార్కును జోడించి డాక్టర్లు డాస్ 28 అనే స్కోరు కడతారు. అది 2.6 కన్నా తక్కువైతే జబ్బు అణిగినట్టు, 5.1 దాటితే బాగా ఎగసినట్టు. ఆ స్కోరును మీరు కట్టుకోనవసరం లేదు, కట్టేందుకు పనికొచ్చే వివరాలు మీ దగ్గర ఉంటే చాలు. ఈ 28లో పాదాలు లేవు. అరికాలి ముందు భాగం, కాలి వేళ్ళు, చీలమండలు నొప్పిగా ఉంటే అడగకపోయినా చెప్పండి, అందుకే విడిగా రాసుకోండి.

వాపు డాక్టరు దగ్గరికి వెళ్ళేనాటికి తగ్గిపోవచ్చు. వాపు ఉన్న పొద్దుటే కిటికీ పక్కన, ఎప్పుడూ ఒకే చోట చేతులు బల్ల మీద పరిచి ఫొటో తీయండి.

జబ్బు ఎగసి ఉన్నప్పుడు, కొత్త మందు మొదలుపెట్టినప్పుడు రోజూ రాయండి. కుదురుగా ఉన్నప్పుడు వారానికి రెండుసార్లు చాలు. గంటగంటకూ నొప్పి అంకెలు వేసుకుంటూ కూర్చుంటే మనసంతా నొప్పి మీదే ఉంటుంది. అది నాకు నచ్చదు, మంచిది కూడా కాదు. దిగులు వారాల తరబడి వదలకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సేవ అయిన టెలిమానస్ వారు ఉచితంగా, అనేక భారతీయ భాషల్లో మాట్లాడతారు.

నాలుగో పని: పరీక్షల కాగితాలు

మెథోట్రెక్సేట్ వాడేవారికి రక్తకణాల లెక్క, కాలేయానికి ఎస్‌జీపీటీ, మూత్రపిండాలకు క్రియాటినిన్ పరీక్షలు తరచూ చేయించాల్సి ఉంటుంది. మొదట్లో కొన్ని వారాలకోసారి, తరువాత మూడు నెలలకోసారి. మీ డాక్టరు చెప్పిన గడువును క్యాలెండర్‌లో పెట్టి, వారం ముందే గుర్తుచేసేలా అమర్చండి. ప్రయాణానికి ముందే మీ ఊళ్ళోనే రక్తం ఇచ్చి ఫలితం పట్టుకుని వెళ్తే విశాఖలో ఒక పూట మిగులుతుంది. ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారు మొదటి ఏడాదిలోపు ఒకసారి కళ్ళు చూపించుకోవాలి, ఐదేళ్ళ తరువాత ఏటా చూపించుకోవాలి. ఐదేళ్ళ తరువాత వచ్చే పనిని మనిషి మరిచిపోతాడు, ఫోను మరిచిపోదు.

కాగితం చేతికి రాగానే, ఇంకా నలగకముందే స్కాన్ చేయండి. గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ సదుపాయం నీడలు లేకుండా తీస్తుంది. ఫైలు పేరు ఏడాది, నెల, తేదీతో మొదలుపెడితే అన్నీ వాటంతట అవే వరుసలో నిలుస్తాయి.

ఒక సంగతి ప్రత్యేకంగా చూడండి. సీఆర్పీ ఫలితాన్ని కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా. ఒకచోట 12 అని వచ్చి, ఇంకోచోట 1.2 అని వస్తే జబ్బు తగ్గిందని మందు మానేయకండి. రెండూ ఒకటే కావచ్చు. అంకె పక్కన కొలమానం కూడా రాసుకోండి, కుదిరితే ఎప్పుడూ ఒకే ల్యాబుకు వెళ్ళండి.

కేంద్ర ప్రభుత్వపు ఆభా అనే ఆరోగ్య ఖాతా తీసుకుంటే 14 అంకెల సంఖ్య వస్తుంది. దానికి అనుసంధానమైన ఆసుపత్రుల కాగితాలు ఏ రాష్ట్రంలోవైనా ఒకేచోట చూసుకోవచ్చు. రాష్ట్రపు గీతకు అటూ ఇటూ తిరిగే మనకు ఇది అక్కరకొచ్చే ఏర్పాటు. అయితే అన్ని ల్యాబులూ, ఆసుపత్రులూ అందులో లేవు కాబట్టి సొంత స్కాన్లు మానకండి. మందుల ధర బరువైతే జనఔషధి సుగం యాప్‌లో దగ్గరి జనఔషధి కేంద్రం ఎక్కడుందో, మీ మందు అక్కడ ఎంతో చూడవచ్చు. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లోని నిరామయ ఉచిత మందుల కౌంటరులో కూడా మీ చీటీ చూపించి అడగండి.

ఐదో పని: ప్రమాద సూచికల పేజీ

ఫోను నోట్స్‌లో ఒక పేజీ రాసి, అన్నిటికన్నా పైన కనబడేలా పిన్ చేసి పెట్టండి. మీకు కాదు, మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు ఇంట్లోవారికీ, దగ్గరి ఆసుపత్రివారికీ. జబ్బు పేరు, మందుల పేర్లు, బలాలు, మెథోట్రెక్సేట్ ఏ రోజు వేసుకుంటారు, అలర్జీలు, డాక్టరు ఫోను నంబరు.

దాని కింద ఇవి రాయండి. జ్వరం, ఆగని దగ్గు, ఊపిరి అందకపోవడం, నోటి పుండ్లు, కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా చర్మం కింద రక్తపు మచ్చలు. ఇవి కనబడితే ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకోకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఊపిరి ఆడకపోతే 108.

జ్వరం గురించి మన జిల్లాల్లో ఇంకో మాట అవసరం. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, గజపతి మలేరియా ఎక్కువగా చూసిన ప్రాంతాలు. మనం వాడే మందుల్లో చాలా వాటివల్ల శరీరపు రక్షణశక్తి తగ్గుతుంది. జ్వరం వస్తే కీళ్ళ జ్వరమేలే అని పారాసెటమాల్ మింగి పడుకోకుండా ఆశా కార్యకర్త దగ్గరో, ఆరోగ్య కేంద్రంలోనో మలేరియా పరీక్ష చేయించుకోండి. అక్కడ ఆ పేజీ చూపించండి. కోట్రైమాక్సజోల్ అనే సాధారణ యాంటీబయాటిక్ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. సెప్ట్రాన్ అనే పేరుతో దొరికేది అదే. దీన్ని పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి.

నొప్పి భరించలేక ఊళ్ళో సూది వేయించుకుంటే అదేం సూదో రాయించుకుని ఫొటో తీయండి. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారు ఉన్నట్టుండి ఆపకూడదు, కాబట్టి ప్రయాణంలో అవి అయిపోకుండా ముందే గుర్తుచేసే అలారం ఉండాలి. పిల్లల్ని కనాలనుకునే స్త్రీలు ఆ ఆలోచన వచ్చినప్పుడే డాక్టరుతో చెప్పాలి. మెథోట్రెక్సేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది, నెలల ముందే మందు మార్చాల్సి ఉంటుంది. ఇంట్లో అందరి ముందూ అడగడానికి ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఇది. ఫోనులో రాసుకుని ఆ వాక్యాన్నే డాక్టరుకు చూపించవచ్చు.

ఆరో పని: డాక్టరు గదిలో

బయలుదేరే ముందు రోజు రాసుకున్నదంతా ఒక్క తెరలో పట్టేలా కుదించండి. ఉదాహరణకు: "మే నెలలో బిగుతు 20 నిమిషాలు. జూన్ రెండో వారం నుంచి 60 నుంచి 80. కుడి మణికట్టు, ఎడమ చేతి రెండు కణుపులు వాచాయి. రెండు వారాల మాత్రలు వికారం వల్ల వేసుకోలేదు. ఒక ప్రశ్న: మాత్రకు బదులు సూది ఉంటుందా?" ఇంత చాలు. నెలల గ్రాఫులన్నీ ముందు పెడితే చదివే తీరిక ఎవరికీ ఉండదు. వేసుకోని మాత్రల సంగతి దాచకండి. అది తెలియకపోతే మందు పనిచేయలేదనుకుని ఇంకా బలమైనది రాస్తారు. మెథోట్రెక్సేట్ సూది రూపంలోనూ ఉంది, వికారం ఎక్కువగా ఉన్నవారికి కొన్నిసార్లు అలా మారుస్తారు. అడగకపోతే ఆ మార్పు రాదు.

నడుమ సందేహాలకు ప్రభుత్వపు ఆన్‌లైన్ వైద్యసేవ ఈ-సంజీవని ద్వారా ప్రభుత్వ డాక్టరుతో వీడియోలో మాట్లాడవచ్చు. పరీక్ష ఫలితం చూపించడానికి, కొత్త లక్షణం గురించి అడగడానికి అది బాగుంటుంది. కీళ్ళను చేత్తో తాకి చూడాల్సిన పని మాత్రం వీడియోలో జరగదు.

డాక్టరు చెప్పేది రికార్డు చేసుకోవాలంటే ముందు అనుమతి అడగండి. మందుల దుకాణంలో ఒడియాలోనో హిందీలోనో గబగబా చెప్పేదాన్ని బయటికి రాగానే మీ గొంతుతో మీరే తెలుగులో చెప్పి రికార్డు చేసుకోండి.

చివరిగా: ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు

కొడుకు సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి తల్లి మందులు కనిపెట్టాలనుకుంటే ఒకే క్యాలెండర్‌ను ఇద్దరూ పంచుకోవచ్చు. పంచుకోవాల్సింది ఒకరిద్దరితోనే. పరీక్ష కాగితాలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల జబ్బు సంగతి ఊరంతా తిరిగితే ఆమె పడే బాధ కీళ్ళ నొప్పికి తక్కువేమీ కాదు. దాన్ని ఎవరికి ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు ఆమెదే. ఫోనుకు తాళం పెట్టండి. యాప్ దించే ముందు ప్లే స్టోర్‌లో అది ఏ వివరాలు తీసుకుంటుందో రాసి ఉన్న భాగం చదవండి. మందులు గుర్తుచేసే యాప్ మీ పరిచయాల జాబితా అడిగితే వద్దనండి.

డాక్టరు మందు మార్చిన రోజున ఇంటికి వెళ్ళాక చూద్దాం అనుకోకండి. ఆసుపత్రి బెంచీ మీదే కూర్చుని పాత మందు అలారం తీసేసి, కొత్తది పెట్టి, ప్రమాద సూచికల పేజీలో పేరు మార్చి, కొత్త చీటీ స్కాన్ చేసి ఇంట్లో ఒకరికి పంపండి. ఆ పేజీని ఒక ప్రతి అచ్చు తీయించి మందుల డబ్బాలో పెట్టండి, ఛార్జింగ్ అయిపోయిన రోజున అదే పనికొస్తుంది.